నడక ఒక్కటే సరిపోదు: అరవై దాటినవారికి కుర్చీ, గోడ, వంటగట్టు సాయంతో ఇంటి వ్యాయామం

"రోజూ గంట నడుస్తాను, ఇంకేం కావాలి?" అని అరవై, డెబ్బై ఏళ్లవాళ్లు చాలామంది అంటుంటారు. నడక మంచిదే. గుండెకు, షుగరుకు, నిద్రకు మేలు చేస్తుంది. కానీ అదే మనిషిని లోతుగా ఉన్న సోఫాలోంచి చేతులు ఆనించకుండా లేవమనండి. మంచం పట్టుకోకుండా నిలబడి ప్యాంటు తొడుక్కోమనండి. అసలు సంగతి అక్కడ బయటపడుతుంది. చదునైన రోడ్డు మీద నడిస్తే తొడ కండరాలకు పెద్ద పని పడదు. బాత్రూమ్‌లో కాలు జారినప్పుడు మనిషిని ఆపేది మాత్రం ఆ తొడల బలమూ, ఒంటి నిలకడే.

కండ తగ్గడం ముప్ఫైల్లోనే మొదలై, అరవై దాటాక జోరందుకుంటుంది. అలాగని చేతులెత్తేయాల్సిన పని లేదు. 1990లో అమెరికాలోని బోస్టన్‌లో, ఒక వృద్ధాశ్రమంలో ఉన్న తొంభై ఏళ్లవాళ్లతో ఎనిమిది వారాలు కాళ్లకు బరువుల వ్యాయామం చేయించి చూశారు. వాళ్ల కాళ్ల బలం సగటున రెట్టింపు దాటింది. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్లు ఇంట్లోనే చేసుకునేలా కాళ్ల బలానికి, నిలకడకు ఒక పద్ధతి తయారుచేశారు. అది పాటించిన పెద్దవాళ్లలో పడిపోవడాలు మూడో వంతు దాకా తగ్గాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లోనూ 65 దాటినవాళ్లకు మూడు విషయాలు విడివిడిగా ఉన్నాయి: వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ, కనీసం రెండు రోజులు కండరాలకు పని, కనీసం మూడు రోజులు నిలకడకు సంబంధించిన సాధన. మన ఇళ్లలో మొదటిది ఎంతో కొంత జరుగుతోంది. మిగతా రెండూ దాదాపు లేవు. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం వాటికే.

ముందు డాక్టర్ని అడగాల్సింది ఎవరు

ఈ మధ్య గుండెపోటు వచ్చినవాళ్లు, స్టెంట్ వేయించుకున్నవాళ్లు, బైపాస్ లేదా పక్షవాతం నుంచి కోలుకుంటున్నవాళ్లు ముందుగా తమ డాక్టరుతో మాట్లాడాలి. మోకాలు గానీ తుంటి గానీ మార్పిడి చేయించుకున్నవాళ్లకు ఫిజియోథెరపిస్టు ఇచ్చిన వరసే వేదం, ఇక్కడిది కాదు. ఏడాదిలో రెండుసార్లు పడ్డవాళ్లు, కూర్చున్నా ఆయాసపడేవాళ్లు, ఎముకలు గుల్లబారాయని తేలినవాళ్లు కూడా అడిగాకే మొదలుపెట్టాలి.

పడక మీంచి లేస్తే కళ్లు తిరుగుతున్నాయా? ఇంట్లో బీపీ మెషిన్ ఉంటే ఐదు నిమిషాలు పడుకుని ఒకసారి, నిలబడిన ఒక నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకు ఇంకోసారి చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే ఆ కాగితం డాక్టరుకు చూపించండి. బీపీ మాత్రల మోతాదు సరిచేస్తే తగ్గిపోయే సందర్భాలు చాలా ఉంటాయి. అది తేలేదాకా కూర్చుని చేసేవి మాత్రమే చేయండి.

ఏం కావాలి

ఒక కుర్చీ, ఒక గోడ, వంటగట్టు. అంతే. పిల్లలు ప్రేమతో కొనిచ్చే మసాజ్ మెషిన్లు, పెడల్ యంత్రాలు చివరికి బట్టలు ఆరేసుకోవడానికే పనికొస్తాయని నా అభిప్రాయం.

కుర్చీ మాత్రం జాగ్రత్తగా ఎంచుకోండి. కూర్చునే ఎత్తు 17 అంగుళాలు, అంటే 43 సెంటీమీటర్లు ఉంటే బాగుంటుంది. భోజనాల బల్ల దగ్గరి చెక్క కుర్చీ సరిగ్గా సరిపోతుంది. తేలికపాటి ప్లాస్టిక్ కుర్చీ నున్నటి టైల్స్ మీద లేచేటప్పుడు వెనక్కి జారుతుంది. అదే గతి అయితే వీపు గోడకు గట్టిగా ఆనేలా పెట్టండి. చక్రాల కుర్చీ, పడక్కుర్చీ, సోఫా వద్దు.

చీర కట్టుకున్నవాళ్లు కుచ్చెళ్లు కాస్త పైకి దోపుకోవాలి. నైటీ, పంచె పాదాల కింద పడకుండా చూసుకోవాలి. సాక్సులతో టైల్స్ మీద నిలబడొద్దు, బాత్రూమ్ చెప్పులూ వద్దు. షుగర్ వల్ల పాదాలు మొద్దుబారినవాళ్లు అడుగు జారని బూట్లు వేసుకోవాలి. మిగతావాళ్లు ఇంట్లో ఒట్టి కాళ్లతో చేయొచ్చు. తిన్న వెంటనే, నిద్ర లేచిన వెంటనే కాకుండా, టిఫిన్ చేసిన ఓ గంటకు మొదలుపెట్టడం చాలామందికి సుఖంగా ఉంటుంది.

ఎక్కడున్నారో చూసుకోండి

మొదటి రోజు ఒక చిన్న పరీక్ష. కుర్చీలో కూర్చుని, చేతులు ఛాతీ మీద అడ్డంగా పెట్టుకోండి. ఇంట్లోవాళ్లెవరైనా ఫోన్లో 30 సెకన్లు పెట్టి పక్కనే నిలబడాలి. ఆ సమయంలో పూర్తిగా లేచి నిలబడి మళ్లీ కూర్చోవడం ఎన్నిసార్లు అయిందో లెక్కపెట్టండి. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ వాడే కొలత ప్రకారం 60 నుంచి 64 ఏళ్ల మగవాళ్లు 14, ఆడవాళ్లు 12 కంటే తక్కువ చేస్తే కాళ్లలో బలం తగ్గినట్టు. 65 నుంచి 69 ఏళ్లకు ఆ అంకెలు 12, 11. 70 నుంచి 74కి 12, 10. 75 నుంచి 79కి 11, 10. 80 నుంచి 84కి 10, 9. చేతులు ఆనించకుండా ఒక్కసారి కూడా లేవలేకపోతే సున్నా రాసుకోండి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, మొదలుపెట్టే మెట్టు అదన్నమాట. క్యాలెండరు మీద ఆ అంకె వేసి, రెండు నెలల తర్వాత మళ్లీ చూడండి.

కూర్చోవడం, లేవడం

రోజుకు ఒకే ఒక్క వ్యాయామం చేసే ఓపిక ఉంటే ఇదే చేయండి. తొడలు, పిరుదులు, నడుము అన్నీ ఇందులోకి వస్తాయి. కమోడ్ మీంచి లేవడం, బస్సు సీట్లోంచి లేవడం, గుడి మెట్లెక్కడం అన్నిటికీ పునాది ఇదే.

1. కుర్చీ గోడకు ఆనించి, సీటు ముందు సగంలో కూర్చోండి.
2. పాదాలు నడుమంత ఎడంగా ఉంచి, మడమలు మోకాళ్ల కంటే కొంచెం వెనక్కి జరపండి. చాలామంది లేవలేకపోవడానికి కారణం పాదాలు ముందుకు చాపి ఉంచడమే.
3. వీపు నిటారుగా ఉంచి, తుంటి దగ్గర ముందుకు వంగండి. ముక్కు మోకాళ్లు దాటి కాలివేళ్ల పైకి వచ్చేంత వంగాలి.
4. పాదాలతో నేలను తొక్కుతూ, నోటితో ఊపిరి వదులుతూ లేవండి. ఊపిరి బిగబట్టొద్దు, బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది.
5. నిటారుగా నిలబడి ఒక క్షణం ఆగండి.
6. మనసులో నాలుగు లెక్కపెట్టుకుంటూ మెల్లగా కూర్చోండి. ధబ్బున కూలబడితే సగం లాభం పోయినట్టే. కిందికి దిగేటప్పుడు కూడా కండరం బిగి పట్టి పని చేస్తుంది. పైగా అలా కూలబడితే వెన్నుపూసలకు దెబ్బ.

మొదటి వారం ఐదు సార్లు చేసి, ఒకటి రెండు నిమిషాలు కూర్చుని, మళ్లీ ఐదు. అది తేలిగ్గా అనిపించాక ఎనిమిది, తర్వాత పది. లేవలేనివాళ్లు సీటు మీద జారని గట్టి దిండు గానీ, మడత పెట్టిన దుప్పటి గానీ వేసి ఎత్తు పెంచుకోవాలి, లేదా కుర్చీ చేతులు పట్టుకుని లేవాలి. కొన్ని వారాల్లో రెండు చేతుల సాయం ఒక చేతికి, ఒక చేతి సాయం వేలి కొసలకు తగ్గుతుంది. అప్పుడు చేతులు తొడల మీద పెట్టుకోండి, ఆ తర్వాత ఛాతీ మీద అడ్డంగా. పది పదిగా రెండు విడతలు హాయిగా చేయగలిగినవాళ్లు లీటరు నీళ్ల సీసాను గుండెకు హత్తుకుని చేయొచ్చు. అదే కిలో బరువు.

"మోకాళ్లలో గుజ్జు అరిగిపోయింది, ఇవన్నీ చేస్తే ఇంకా అరిగిపోతుంది" అనే భయం మనలో బాగా పాతుకుపోయింది. నిజానికి మోకాలి నొప్పి ఉన్నవాళ్లకు తొడ కండరం బలపడటమే మందు. ఆ కండరం బరువు పంచుకుంటే కీలు మీద భారం తగ్గుతుంది. విశ్రాంతి పేరుతో మానేస్తే కండ కరిగి నొప్పి ఇంకా పెరుగుతుంది. అయితే లేచేటప్పుడు మోకాళ్లు రెండూ లోపలికి ముడుచుకోకుండా, కాలి రెండో వేలి వైపే చూస్తుండాలి. ఇది కూడా నొప్పిగా ఉంటే మొదట కూర్చుని కాలు చాపడం చేయండి. కుర్చీలో వెనక్కి ఆనుకుని, ఒక కాలు మోకాలి దగ్గర నిటారుగా చాపి, వేళ్లు మీ వైపు లాక్కుని, ఐదు లెక్కపెట్టి మెల్లగా దించాలి. ఒక్కో కాలికి పది.

నొప్పికి ఒక లెక్క గుర్తుంచుకోండి. చేసిన మర్నాడు తొడల్లో, పిక్కల్లో కాస్త పట్టేసినట్టు ఉండటం మామూలే. కీలులో నొప్పి చేసిన రెండు గంటల తర్వాత కూడా ముందుకంటే ఎక్కువగా ఉంటే ఆ రోజు మోతాదు ఎక్కువైందని అర్థం. తర్వాతిసారి సగం చేయండి, మానేయొద్దు. కీలు వాచి, ఎర్రబడి, వెచ్చగా ఉంటే మాత్రం ఆపి చూపించుకోవాలి.

వంటగట్టు దగ్గర మూడు

గట్టుకు ఎదురుగా నిలబడి రెండు చేతులూ ఆనించండి. స్టవ్ వెలుగుతున్నప్పుడు, గట్టు తడిగా ఉన్నప్పుడు వద్దు. పాలు పొంగేలోపు చేసేద్దాం అనుకునేవాళ్లు చీర కొంగు సంగతి గుర్తుంచుకోవాలి.

మొదటిది మడమలు ఎత్తడం. రెండు మడమలూ మెల్లగా లేపి మునివేళ్ల మీద నిలబడి, రెండు లెక్కపెట్టి, మెల్లగా దించాలి. పది సార్లు. నడిచేటప్పుడు ఒంటిని ముందుకు తోసేది ఈ పిక్కలే.

రెండోది దానికి తిరగేసి. మడమల మీద ఆని, కాలివేళ్లు, పాదం ముందు భాగం పైకెత్తాలి. నడుము వెనక్కి పోకూడదు. గడప తగిలి, తివాచీ అంచు తగిలి పడేవాళ్లలో చాలామందికి కాలి వేళ్లు సరిగా పైకి లేవవు. ముంగాలి కండరం అలిసిపోయి పాదం ఈడుస్తూ నడుస్తారు. చెప్పుల ముందుభాగం త్వరగా అరిగిపోతుంటే అనుమానించండి. ఇదీ పది.

మూడోది కాలు పక్కకు ఎత్తడం. ఒంటిని అటు వంచకుండా, పాదం ముందుకే చూస్తుండగా, ఒక కాలు పక్కకు జానెడు ఎత్తితే చాలు. ఎక్కువ ఎత్తాలని నడుము వంచితే పని నడుముకు పోతుంది. ఒక్కో వైపు ఎనిమిది నుంచి పది. తుంటి పక్క కండరం బలహీనపడితే నడకలో ఒళ్లు అటూ ఇటూ ఊగుతుంది.

చేతులకు గోడ చాలు. గోడకు చేతిదూరంలో నిలబడి, అరచేతులు భుజాల ఎత్తున ఆనించి, మోచేతులు వంచి ఛాతీని గోడ దగ్గరికి తెచ్చి, మళ్లీ తోసేయాలి. ఎనిమిది నుంచి పది. తర్వాత కుర్చీలో కూర్చుని భుజాలు రెండూ వెనక్కి లాగి, వీపు మధ్యలో ఒకదానికొకటి దగ్గర చేసి ఐదు లెక్కపెట్టండి. ఫోన్ చూస్తూ ముందుకు వంగిపోయే మెడకు ఇది హాయిగా ఉంటుంది.

నిలకడ

గది మూలలో వీపు మూలకు ఉండేలా నిలబడి, ఎదురుగా కుర్చీ వీపు మీ వైపు ఉండేట్టు పెట్టుకోండి. ఎటు తూలినా ఆసరా దొరుకుతుంది. నాలుగు మెట్లున్నాయి. రెండు పాదాలూ పక్కపక్కనే ఆనించి నిలబడటం మొదటిది. ఒక పాదాన్ని కాస్త ముందుకు జరిపి, దాని మడమ పక్క భాగం రెండో కాలి బొటనవేలికి తగిలేలా పెట్టడం రెండోది. ఒక పాదం మడమ రెండో పాదం వేళ్లకు సరిగ్గా ఎదురుగా, ఒకే గీత మీద ఉన్నట్టు నిలబడటం మూడోది. ఒంటికాలి మీద నిలబడటం నాలుగోది. చేతులు వదిలేసి 10 సెకన్లు కదలకుండా నిలబడగలిగితేనే తర్వాతి మెట్టుకు వెళ్లండి. మూడో మెట్టులో 10 సెకన్లు నిలబడలేకపోతే పడిపోయే ముప్పు ఎక్కువని వైద్యులు లెక్కిస్తారు.

కళ్లు మూసుకుని చేయడం లాంటి సాహసాలు వద్దు. పక్కన ఫిజియోథెరపిస్టు ఉంటే సరే. మూడో మెట్టు వచ్చాక గట్టు పక్కనే, చేయి దానిమీద తేలిగ్గా ఉంచి, మడమ వేళ్లకు తగిలేలా పది అడుగులు ముందుకు వేయండి. ఈ సాధన ఎంత తరచుగా చేస్తే అంత మంచిది. పళ్లు తోముకునేటప్పుడు సింక్ పట్టుకుని రోజూ చేసినా నష్టం లేదు, నేల పొడిగా ఉంటే చాలు.

నడక

మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అదే సరైన వేగం. గుండె కోసం బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవాళ్లలో నాడి పెద్దగా పెరగదు కాబట్టి చేతి గడియారం చూపించే అంకెల కంటే ఈ లెక్కే నమ్మాలి. ఒకేసారి గంట కుదరకపోతే మూడు పూటలా తిన్నాక పదేసి నిమిషాలు నడవండి. భోజనం తర్వాత నడక షుగర్ పెరుగుదలను బాగా అదుపు చేస్తుంది.

ఏప్రిల్, మే నెలల్లో కోస్తాలోనైనా, తెలంగాణలోనైనా ఏడు దాటితే ఎండ చురుక్కుమంటుంది. పొద్దున్నే చీకట్లో బయల్దేరితే గుంతలు, కుక్కలు. వెలుగు వచ్చాక వెళ్లి ఎండ ముదిరేలోపు వచ్చేయండి, లేదా ఆ రెండు నెలలూ వరండాలోనో, అపార్ట్‌మెంట్ కారిడార్‌లోనో నడవండి. అమెరికాలో పిల్లల దగ్గర చలికాలం గడిపేవాళ్లు మంచు మీద అడుగుపెట్టకుండా దగ్గర్లోని షాపింగ్ మాల్‌లో నడవచ్చు. పొద్దున అక్కడి పెద్దవాళ్లు చాలామంది చేసేదీ అదే. చేతికర్ర వాడాల్సి వస్తే నామోషీ పడొద్దు. నొప్పి ఉన్న కాలికి అవతలి చేతిలో పట్టుకోవాలి, సినిమాల్లో చూపించినట్టు అదే వైపు కాదు.

పడితే లేవడం ఎలా

ఇది ఎవరూ నేర్పరు. ఇంట్లో ఎవరైనా ఉన్నప్పుడు చాప మీద సాధన చేయండి. మోకాళ్ల మీద ఆనలేనివాళ్లు వదిలేయండి.

నిజంగా పడినప్పుడు వెంటనే లేవకండి. ముందు ఎక్కడైనా తీవ్రంగా నొప్పి ఉందా, కాళ్లు చేతులు కదులుతున్నాయా చూసుకోవాలి. తుంటి దగ్గర భరించలేని నొప్పి ఉన్నా, కాలు మెలితిరిగినట్టున్నా, తలకు దెబ్బ తగిలినా కదలొద్దు, 108కి ఫోన్ చేయించండి. ఏమీ లేదనిపిస్తే ఒక పక్కకు ఒత్తిగిలి, మోచేతి మీద ఆని, మోకాళ్లూ అరచేతులూ నేలకు ఆనేలా రండి. అలాగే పాకుతూ కుర్చీ దగ్గరికి వెళ్లి, రెండు చేతులూ సీటు మీద పెట్టండి. బలంగా ఉన్న కాలు ముందుకు తెచ్చి పాదం నేలకు ఆనించి, చేతులతో తోస్తూ లేచి, ఒళ్లు తిప్పుకుని కుర్చీలో కూర్చోండి. అక్కడే ఐదు నిమిషాలు ఆగాలి.

వద్దనుకోవాల్సినవి, ఆపేయాల్సినప్పుడు

టీవీలో చూసి చేసే ఆసనాల్లో కొన్ని ఈ వయసులో ఇబ్బంది పెడతాయి. ఎముకలు గుల్లబారినవాళ్లు ముందుకు వంగి కాలివేళ్లు అందుకోవడం, నడుమును గట్టిగా మెలితిప్పడం మానాలి. వెన్నుపూస నలిగిపోయే ప్రమాదం ఉంది. కంట్లో ఒత్తిడి పెరిగే గ్లకోమా జబ్బు ఉన్నవాళ్లకు తల కిందికి ఉండే భంగిమలు పనికిరావు. బీపీ అదుపులో లేనివాళ్లు ఊపిరి బిగబట్టేవి, వేగంగా ఊదేవి వదిలేయాలి. మెడను గుండ్రంగా తిప్పడం కూడా అనవసరం.

షుగర్‌కు ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లు ఖాళీ కడుపుతో మొదలుపెట్టొద్దు. షుగర్ 100 కంటే తక్కువ ఉంటే ఏదైనా తిన్నాకే చేయాలి. మధ్యలో చెమటలు పట్టి, వణుకు వచ్చి, షుగర్ 70 కంటే తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంట తర్వాత మళ్లీ చూసుకోవాలి.

ఛాతీ బిగుతుగా పట్టేసినా, నొప్పి చేతికో దవడకో పాకినా, మాట తడబడినా, మూతి వంకరపోయినా గ్యాస్ అని సర్దిచెప్పుకోకుండా 108ని పిలవండి.

వారం ఎలా గడవాలి

సోమ, బుధ, శుక్రవారాల్లో కుర్చీ, గట్టు, గోడ, మూల. అన్నీ కలిపి అరగంట పట్టదు. మొదట రెండు నిమిషాలు నిలబడిన చోటే మెల్లగా అడుగులు వేసి ఒళ్లు వెచ్చబరుచుకోండి. మిగతా రోజుల్లో నడక. వరసగా రెండు రోజులు ఒకే కండరానికి గట్టి పని చెప్పొద్దు. బలపడేది విశ్రాంతిలోనే. దానికి మాంసకృత్తులున్న తిండి కూడా కావాలి: రాత్రి రెండు ఇడ్లీలతో సరిపెట్టేవాళ్లు పప్పు, పెరుగు, గుడ్డు, సెనగలు లాంటివి ప్రతి పూటా ఏదో ఒకటి ఉండేట్టు చూసుకోవాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరు చెప్పిన కొలతే పాటించాలి.

అమ్మానాన్నలకు చేయించేవాళ్లకు ఒక మాట. ఫోన్లో "వ్యాయామం చేశావా?" అని అడిగితే "ఆఁ, చేశా" అనే వస్తుంది. వీడియో కాల్‌లో వాళ్లతో పాటు మీరూ కుర్చీలోంచి లేచి కూర్చోండి. ముప్ఫై సెకన్ల పరీక్ష కూడా కలిసి చేయండి, నలభైల్లో ఉన్న మీ అంకె చూసి మీకే ఆశ్చర్యం కలగవచ్చు.

జ్వరమో, పెళ్లిళ్లో, ప్రయాణాలో వచ్చి రెండు వారాలు ఆగిపోతే ఆపిన చోటునుంచి మొదలుపెట్టకండి. అప్పటిదాకా చేస్తున్నదాంట్లో సగంతో మొదలుపెట్టి, వారానికి కొంచెం చొప్పున పెంచండి. చికున్‌గున్యా వచ్చి తగ్గినవాళ్లకు కీళ్ల నొప్పులు నెలల తరబడి ఉండొచ్చు కాబట్టి వాళ్లు కూర్చుని కాలు చాపడం, మడమలు ఎత్తడం ఈ రెండింటితోనే మొదలుపెట్టి, రెండు గంటల నొప్పి లెక్క చూసుకుంటూ మిగతావి ఒక్కొక్కటే కలుపుకోవాలి.